మసక ఫోటో

ఫైలు ప్రెస్సుకు పూర్తిగా చేరిందని తెర మీద కనిపించినప్పుడు దాన్బికి సంతోషం కలగలేదు. బరువు దించుకున్నవాడి మొద్దుతనం లాంటిదేదో కమ్మింది. మోక్ మాస్టారి ఫోటోల పుస్తకం అది. పెద్ద పెద్ద స్కాన్లు. వాటినే పెట్టి పేజీలు దిద్దబోతే కంప్యూటరు మొరాయిస్తుంది. అందుకని అందరిలాగే ఆమె కూడా ముందు స్పష్టత తక్కువుండే తేలికపాటి నకళ్లతో పేజీలు కట్టి, చివర్లో ఒక్కొక్కదాని చోట అసలు ఫోటో పెట్టింది. అన్నీ పెట్టాననే అనుకుంది. పని తెమిలిపోవాలని మనసు మరీ కోరుకుంటే, తెమలనిది కూడా తెమిలినట్టే కంటికి చూపిస్తుంది.

మర్నాడు ఆమె, మాస్టారు కలిసి, అచ్చాఫీసులుండే చుంగ్‌మురో సందుల్లో కాగితం కట్టలు మోసే మూడుచక్రాల బళ్లను తప్పుకుంటూ ప్రెస్సుకు వెళ్లారు. మిషను మీంచి దిగిన మొదటి కాగితం చూసి, దాని మీద పుస్తకం తాలూకు మనిషి సంతకం పెడితేగానీ అచ్చు సాగదు. మాస్టారు ఆమె మోచెయ్యి పట్టుకుని నడిచారు. ఆయన చూపు నడిమధ్య నుంచి చెరిగిపోతోంది. చలికాలం దాటితే మొహాలు ఆనవని డాక్టరు చెప్పాడు. ఆలోగా, పోయిన భార్యను ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఆయన ఆరాటం.

"ఆ నెగెటివ్‌లో మా ఆవిడ కనురెప్పలు లెక్కపెట్టొచ్చమ్మాయ్. వంటకి సముద్రపు నాచు ఆరేస్తుంటే అడ్డం వచ్చానని తిడుతోంది. ఆ తిట్టు కూడా కనిపిస్తుంది."

మిషను నడిపే గూక్ దీపం కింద కాగితం పరిచాడు. మిగతా ఫోటోలన్నీ జీవంతో ఉన్నాయి. ఆవిడ మొహం మాత్రం తడిసిన ముద్దలా ఉంది. అది తేలిక నకలు.

మాస్టారు తల పక్కకు వంచి, భూతద్దం పెట్టి, ఆ ఒక్క ఫోటోనే చాలాసేపు చూశారు.

"ఓహో," అన్నారు మెల్లగా. "అప్పుడే ఇంతదాకా వచ్చిందన్నమాట."

"మీ కళ్లు కాదు మాస్టారూ! తప్పు నాది. చిన్న ఫైలు పెట్టేశాను. కావాలంటే పక్క ఫోటో చూడండి, ఎంత స్పష్టంగా ఉందో!"

ఆయన చూశారు. అప్పటికే కళ్లనిండా నీళ్లు. తుడుచుకోలేదు.

"అదీ అంతేనమ్మా. మా అమ్మాయీ ఇలాగే చేస్తుంది. బల్బు గుడ్డిదైపోయింది నాన్నా అని కొత్తది తెచ్చి బిగిస్తుంది. పిచ్చిపిల్ల."

ఆమె గబగబా లాప్‌టాప్ తెరిచింది. అందులోనూ తేలిక నకళ్లే. అసలువి ఇంటి దగ్గర పెద్ద డిస్కులో ఉన్నాయి. తెర మీద కూడా ఆవిడ అదే ముద్దలా కనిపించింది. మూసేసింది.

"గూక్ గారూ, మీరైనా చెప్పండి!"

"మసగ్గానే ఉందండీ. కావాలనే అలా పంపారనుకున్నా. ఫోటోలు తీసేవాళ్లు కదా, పొగమంచంటే మోజు. మీరు పంపింది మేం ముట్టుకోం," అన్నాడతను. "ఆపమంటే ఆపుతా. కొత్త ఫైలు, కొత్త ప్లేటు. కానీ మిషను మళ్లీ ఖాళీ అయ్యేది చలికాలం పోయి చెర్రీలు పూసేనాటికే."

"నువ్వూ ఈ పిల్లకి వంత పాడుతున్నావా? చెర్రీలు పూస్తే నాకేం కనిపిస్తాయయ్యా!" మాస్టారు నవ్వారు. "పెన్ను ఇలా ఇయ్యి."

దాన్బి ఆయన మణికట్టు పట్టుకుంది. ఆపితే ఆయన ఆ ఫోటోను అచ్చులో ఎప్పటికీ చూడలేరు. ఆపకపోతే, తన చూపు అప్పుడే పోయిందని నమ్ముతూ బతుకుతారు. ఏది తక్కువ క్రూరమో తేల్చుకోలేక వేళ్లు అలాగే బిగుసుకుపోయాయి. ఆయన వాటిని ఒక్కొక్కటిగా, నొప్పి కలగకుండా విడదీశారు.

"నీ పని బాగుందమ్మా. ఏడవకు. మనిషికి వయసొస్తుంది."

గూక్ చోటు చూపించాడు. మాస్టారు సంతకం పెట్టారు. మిషను కదిలింది. నేల అదిరింది.

"నిజం చెబుతున్నా మాస్టారూ, అది ఫైలే!" అని ఆమె అరిచింది.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏం వినిపించిందో గాని, అలాగే అలాగే అన్నట్టు తల ఊపారు.