మోతీబాయి ఢావ్లో

సంచిలో ముందుగా జొన్నరొట్టెలు పెట్టింది మోతీబాయి. మళ్లీ తీసి, అడుగున దుప్పటి మడిచి వేసి, దాని మీద రొట్టెలు సర్దింది. కారం పొట్లం ఒక మూలకు దోపింది. అంతలో ఏదో అనుమానం వచ్చి అన్నీ బయటికి లాగింది. మనుమరాలు నిర్మల హైదరాబాదు పోయే ప్రతిసారీ ఇదే తంతు. సంచి సర్దడం అయిపోతే పిల్ల వెళ్లిపోతుందనీ, ఎంతసేపు సర్దితే అంతసేపు కళ్లముందే ఉంటుందనీ ఆమె లెక్క.

"దాదీ, బస్సు మాపటికి గదా. ఇప్పుడు పోయేది బాన్సువాడ గోదాంకే," అంది నిర్మల.

"మాపటికైనా పోవుడే గదా బిడ్డా."

మోతీబాయికి డెబ్బై దాటాయి. చేతులనిండా తెల్లగాజులు, చెంపల పక్కన వేలాడే వెండి గజ్జెలు. వర్ని క్యాంపు రైతుల మడుల్లో నాట్లు వేసీ వేసీ నడుము ముందుకు వంగిపోయింది. నిలబడినా నేలమీద ఏదో వెతుకుతున్నట్టే ఉంటుంది. తండాలో ఆమెకు ఇంకో పని కూడా ఉంది. పెళ్లి కుదిరిన పిల్లలకు ఏడుపు నేర్పుతుంది. లంబాడీ పిల్ల అత్తారింటికి పోయేటప్పుడు ఊరికే కళ్లు తుడుచుకుంటే చాలదు. అక్కడున్న ఒక్కొక్కరి మెడ కావలించుకుని, వరస కలిపి పిలిచి, ఆ మనిషి చేసిన మేలు తలుచుకుంటూ రాగం తీసి ఏడవాలి. దాన్నే ఢావ్లో అంటారు. మొదలుపెట్టాక ఒక్కరిని కూడా వదలకూడదు. పోయేవాళ్లు లేకుండా ఎత్తుకోకూడదు. ఎత్తుకుంటే పోయే మనిషిని ఆ పాటే వెతుక్కుంటుందని తండా భయం.

ఇంతమందికి నేర్పిన మోతీబాయి తను మాత్రం ఎన్నడూ ఢావ్లో పాడలేదు. ఆమెను ఎదురింటి ధన్‌సింగుకే ఇచ్చారు. పెళ్లినాడు గొంతు సవరించుకోబోతే ఆడవాళ్లు పకపకా నవ్వారు. "ఏడికి పోతున్నవే, సందు దాటనీకేనా?" అన్నారు. ఆమె కూడా నవ్వేసి సందు దాటింది. తరవాత తోటివాళ్లూ, చెల్లెళ్లూ, ఇద్దరు కూతుళ్లూ ఆమె మెడమీద ఏడ్చి బండ్లెక్కిపోయారు. బండి కదిలిన చప్పుడంటే ఆమెకు ఇప్పటికీ గుండె దడ.

నిర్మల పోవడం ఆ లెక్కలోకి రాలేదు. పట్నంలో కిరాయి గదిలో ఉండి బడిలో బొమ్మలు నేర్పుతుంది, పదిహేను రోజులకోసారి వస్తుంది. ఏడేళ్లుగా డాక్టరేటు చదువుతోంది. ఈ చదువులో పుస్తకం రాస్తే సరిపోదు, చేత్తో చేసిన పని కూడా చూపాలి. ఆ పనే సగం జవాబు. ఆమె తండా ఆడవాళ్ల పాత లంగాలు, రవికెలు, అద్దాలు కుట్టిన పట్టీలు కలిపి పెద్ద గుడారం కుట్టింది. సూదిపనికి డాక్టరేంటని తండాలో ఒకటే నవ్వులు. దవాఖాన డాక్టరమ్మ చేసేది కూడా సూదిపనే గదా అని మోతీబాయి వాళ్ల నోళ్లు మూయించింది.

ఆ గుడారం కింద నిజంగా పోయే పిల్ల ఢావ్లో పాడినప్పుడే తన పని పూర్తవుతుందని నిర్మల పుస్తకంలో రాసింది. పరీక్షకులు బాన్సువాడ గోదాములో ఆ పని చూసేది ఆ రోజే, పక్కింటి హేమ్లి సాగనంపూ ఆ రోజే. పెళ్లివారి ట్రాక్టరు బాన్సువాడ మీదుగానే పోవాలి. గోదాము ముందు కాసేపు ఆపడానికి రెండు వైపులా ఒప్పుకున్నారు.

పొద్దెక్కాక మోతీబాయి కొడుకు భద్రు ఆటో ఆపి దిగాడు. నిర్మలకు తండ్రి అతనే. కూతురి మొహం చూడకుండా, పెళ్లివారి ట్రాక్టరు చెరుకు తోలే పనిలో ఇరుక్కుందనీ, హేమ్లిని ఎల్లుండి గానీ తీసుకుపోరనీ చెప్పాడు. పరీక్షకులు మాత్రం ఈ ఒక్క పూటకే వచ్చారు. నిర్మల చెప్పులు వేసుకుని ఆటోలో కూర్చుంది. ఆమె వెనకే సంచి పట్టుకుని మోతీబాయి ఎక్కింది.

వర్ని రోడ్డు పక్క ధాన్యం గోదాము అది. కావలివాడు హన్మాండ్లు తాళం తీసి, ఊక చిమ్మి, కుర్చీలు వేశాడు. దూలాల నుంచి గుడారం వేలాడుతోంది. రేకుల సందుల్లోంచి వచ్చిన ఎండ అద్దాల మీద పడి గోడలంతా చుక్కలు చుక్కలుగా కదులుతోంది. పరీక్షకులు ముగ్గురు, ఇద్దరు మగవాళ్లు, ఒకావిడ, దాని కింద చాలాసేపు తిరిగారు. కుట్లు ముట్టుకుని మెచ్చుకున్నారు. అప్పుడు వారిలో పెద్దాయన, మహారాష్ట్ర నుంచి వచ్చిన బట్టతల మనిషి, మెల్లగా అడిగాడు, పాట ఏదని. నిర్మల ట్రాక్టరు సంగతి చెప్పింది. ఆయన విచారంగా తలూపాడు. పని పూర్తి కాలేదని రాయవలసి వస్తుందనీ, వచ్చే ఏడు మళ్లీ చూపించుకోవచ్చనీ అన్నాడు.

స్తంభానికి ఆనుకుని కూర్చున్న మోతీబాయికి ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. కానీ నిర్మల సూదిపోట్లు పడ్డ వేలిని బొటనవేలితో గట్టిగా నొక్కుకోవడం చూసింది. చిన్నప్పుడు ఏడుపు ఆపుకోవడానికి ఆ పిల్ల అలాగే చేసేది.

మోతీబాయి లేచింది.

"నేను పోతున్న," అంది.

"ఏడికి దాదీ?"

"నువ్వు పోయేకాడికి. నీ బస్సుకే."

భద్రు కంగారుపడ్డాడు. "పరాష్కాలా అమ్మా? వీళ్ల ముంగట నవ్వులాటనా?"

"పరాష్కమేంది? పుట్టినకాడ్నే ముసల్దాన్నైన. గిప్పుడన్నా పోనీయరా?"

ఆమె గుడారం కిందికి నడిచి నిర్మల మెడ కావలించుకుంది. ఎన్నో ఏళ్లు మడిచిపెట్టిన గుడ్డ విప్పినట్టు గొంతు విప్పింది. నన్ను పట్నం చూపించబోయే నా యాడీ, నా అమ్మా, అని మనుమరాలినే తల్లిగా పిలిచింది. నిర్మల అన్నీ మరిచి ఆమె భుజం మీద బావురుమంది. తరవాత భద్రు. తరవాత హన్మాండ్లు. చీపురు చేతిలో ఉండగానే అతణ్ని పట్టుకుని, నా బిడ్డ కోసం ఊక చిమ్మిన వీరా, నా తమ్ముడా, అని రాగం తీసింది. అతను చీపురుతోనే కళ్లు తుడుచుకోబోయాడు.

ఒక్కరిని కూడా వదలకూడదు గనక బట్టతలాయన దగ్గరికీ వెళ్లింది. ఆయన కరచాలనం కోసం చెయ్యి చాచాడు. ఆమె మెడ అందుకుంది. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాణ్ని బాపూ అని తండ్రి వరసలో పిలిచి, నా పిల్ల కుట్టు చూడను నీళ్లు దాటి వచ్చిన బాపూ, అని ఏడ్చింది. ఆయన కళ్లద్దాలు ఆమె వెండి గజ్జెల్లో చిక్కుకున్నాయి. తల ఎత్తడానికి లేదు. వంగినవాడు వంగినట్టే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆఖరికి ఆమె వీపు మీద వేశాడు. హన్మాండ్లు వచ్చి చిక్కు తీసేసరికి అందరికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. రెండో ఆయన్నూ వదల్లేదు. ఆ ఆవిడైతే పిలవకముందే వచ్చి వరసలో నిలబడింది.

కళ్లద్దాలు తుడుచుకుంటూ పెద్దాయన, ఇంకో ప్రశ్న అడగాలనుకున్నాను గానీ గుర్తు రావడం లేదన్నాడు. ముగ్గురూ సంతకాలు చేశారు. డాక్టర్ నిర్మల అని ఆయన మొదటిసారి పిలిస్తే, ఆమె వెనక్కి తిరిగి చూసింది ఎవరా అని.

సాయంత్రం భద్రు ఆటోను తండావైపు తిప్పి, ఎక్కమన్నాడు. మోతీబాయి ఎక్కలేదు.

"ఏడ్చి ఎల్లిన ఆడిది మాపటికే ఇంట్ల కనవడితే నవ్వరా? ఒకసారి నవ్విండ్రు, సాలు."

బస్టాండులో కిటికీ పక్క సీటు పట్టుకుంది. బస్సు కదిలినప్పుడు తనకు దడ పుట్టలేదని ఆశ్చర్యపోయింది. లోపల కూర్చున్నవాళ్లకు అది వేరేగా ఉంటుంది కాబోలు. భద్రు చిన్నవాడైపోతూ ఉంటే ఆమె కొంగు ఊపుతూ గట్టిగా నవ్వింది.

నెల తిరిగాక భద్రు తల్లిని తీసుకుపోను పట్నం వచ్చాడు. ఏడ్చి వెళ్లిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోవాలి, అది పద్ధతి. ఆమె అన్నదమ్ములు ఎప్పుడో పోయారు. "నువ్వు మీ నాయన ఇంటోనివి, అంటే నా అత్తగారింటోనివి. నువ్వు పిలిస్తే ఎట్ల వస్తరా?" అని అతనికి కడుపునిండా రొట్టె పెట్టి పంపింది. పెళ్లి కుదిరిన పిల్లలు ఢావ్లో నేర్చుకోవడానికి నిర్మల గదికే వచ్చేవాళ్లు. వాళ్లను ఏడిపించి, నవ్వించి, బస్సెక్కించేది.

మోతీబాయి బాన్సువాడలో బస్సెక్కింది 2004 మాఘమాసంలో. 2009 వానాకాలంలో ఆ గదిలోనే కన్నుమూసింది. తండాకు మళ్లీ రాలేదు.