హకారం లేని పిలుపు

నేను ఒక బూడిదరంగు అట్ట పుస్తకాన్ని. కథల పుస్తకాన్ని మాత్రం కాను. పరాయి దేశంలో కారు నడుపుకోవచ్చని మనిషికిచ్చే పర్మిట్టును. ఆయుష్షు సరిగ్గా ఏడాది. ఉత్తరాంధ్రలో ఒక రవాణా ఆఫీసులో పుట్టాను. పుట్టీపుట్టగానే నా మీద తగువు.

గుమాస్తా నా మొదటి పేజీలో 'ఐమావతి' అని కొట్టాడు. కిటికీ ఇవతలున్న కాలేజీ లైబ్రేరియన్ హైమావతి గారు ఊరుకోలేదు.

"ఒక్క అక్షరమే కదమ్మా, ఏటవుద్ది?" అన్నాడతను.

"హకారం మింగేసి నన్ను పిలిచింది మా మామ్మొక్కర్తే. ఆవిడకి చెల్లింది, మీకు చెల్లదు."

సణుక్కుంటూనే పేజీ మార్చి ముద్ర వేశాడు.

ఇటలీ పల్లెల్లో ఐదు రోజులు తిరగాలని ముగ్గురు స్నేహితురాళ్ళ ముచ్చట. హైమావతి గారు, వకుళ, సుగుణ. మకాం ఎక్కడన్నది తేలడానికే నెల్లాళ్ళు పట్టింది. స్టేషన్ పక్కన ఊళ్ళో ఉండి రైళ్ళలో తిరుగుదామని సుగుణ. కొండమీద పొలం ఇల్లు తీసుకుందామని హైమావతి గారు. ఆ కొండకి బస్సు రోజుకి రెండుసార్లే, ఆదివారం అదీ లేదు. "నేను నడుపుతాగా" అంది, యాభయ్యో ఏట కారు నేర్చుకున్న ఆవిడ. ఆ ధీమా కోసమే నేను పుట్టాను.

ప్రయాణం వారంలో ఉందనగా సుగుణ మోకాలు మొరాయించింది. వకుళ కోడలికి ముందే నొప్పులొచ్చాయి.

"ఒక్కర్తివీ ఆ కొండమీద ఏం చేస్తావే? మకాం ఊళ్ళోకి మార్చుకో. రైళ్ళున్నాయి," అంది వకుళ.

"రైలు నాకు నచ్చిన చోట ఆగదు కదే," అని వెళ్ళిపోయిందావిడ, నన్ను చేతిసంచీలో వేసుకుని.

కొండమీది ఇంటివాళ్ళు కనబడనేలేదు. తాళం పూలకుండీ కింద పెట్టి, చీటీ రాసి వెళ్ళారు. లోపల మూడు మంచాలు, మూడు కుర్చీలు. పూటకో కుర్చీలో కూర్చుని పెరుగన్నం తినేది. మన దగ్గర రోడ్డుకి ఎడమ, అక్కడ కుడి. మలుపు మలుపుకీ "కుడి, కుడి" అని తనకి తానే చెప్పుకునేది. దారి చెప్పే ఫోన్ గొంతుకి "అలాగేనమ్మా" అని జవాబిచ్చేది. ద్రాక్షతోటల దగ్గర ఆగాలనిపించిన చోటల్లా ఆగింది. ఆగి, పక్కసీటు వైపు తిరిగి ఏదో చెప్పబోయేది. అక్కడ ఉన్నది నేను. చెప్పుకోడానికి మనిషిని కాను కదా.

మూడు రోజులు ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నాలుగో రోజు పొద్దున్నే పెట్టె సర్దేసింది. అద్దె కారు అప్పగించేసి, స్టేషన్ పక్కన గదికి పోవాలని. "వకుళ చెప్పిందే రైటు," అని పైకే అనుకుంది.

కొండ దిగాక నాలుగురోడ్ల దగ్గర పోలీసతను చెయ్యెత్తాడు. పక్కసీట్లోంచి నన్ను తీసి అందించింది. పుట్టి ఆర్నెల్లయినా నన్నెవరూ పైకి చదవలేదు. అతను చదివాడు. వాళ్ళ నోటికి హకారం పలకదు.

"ఐమావతి?"

"ఆఁ, మామ్మా," అనేసిందావిడ.

అతనికేం తెలుస్తుంది? నన్ను మూసి ఇవ్వబోయాడు. ఆవిడ పుచ్చుకోలేదు. పేజీ మళ్ళీ తెరిచి పేరు మీద వేలు పెట్టింది. తప్పు చదివాననుకున్నాడు పాపం. ఈసారి తీరిగ్గా కూడబలుక్కుని మరీ అన్నాడు, "ఐ-మా-వ-తి." గుమాస్తాతో తగువాడిన మనిషి ఇక్కడ దిద్దలేదు. కళ్ళు తుడుచుకుంది. స్టేషన్ దారి ఎదురుగానే ఉంది. ఆవిడ కారు వెనక్కి తిప్పి మళ్ళీ కొండెక్కించింది.

ఇప్పుడు నా గడువు తీరిపోయింది. లైబ్రరీలో ఆవిడ బల్ల సొరుగులో పడి ఉన్నాను. కాలం చెల్లిన కాగితాలు ఎన్నో చింపి పారేసింది గానీ నన్ను పారెయ్యలేదు. అందరూ వెళ్ళిపోయాక అప్పుడప్పుడు సొరుగు లాగి, మొదటి పేజీ తెరిచి నా ముందు కూర్చుంటుంది. ఆవిడని మామ్మలా పిలవాలనే ఉంటుంది నాకు. కానీ నాలో ఆ పేరు హకారంతోనే అచ్చయింది. నోరైతే లేదు.