మీగడ మీద కోడిపెట్ట

లోవలక్ష్మి రోజు గేదెల దగ్గర మొదలై గేదెల దగ్గరే ముగిసేది. తెల్లారగట్ల లేచి సాల ఊడ్చి, పేడ ఎత్తి, కుడితి కలిపి, దూడల్ని వదిలి పాలు పిండితే, మొగుడు సోములు క్యాన్లు సైకిలుకి కట్టుకుని నర్సీపట్నం వీధుల్లోకి పోయేవాడు. ఆ తర్వాత గడ్డి, గేదెల్ని కడగడం, పొద్దు వాలేవేళకి మళ్లీ పాలు. మధ్యాహ్నం గేదెలు నెమరేస్తూ కళ్లు మూసుకున్నప్పుడు మాత్రం ఒక గంట ఆమెది. ఆ గంటలో బిస్కట్ల డబ్బా తీసి, చెక్క రింగులో గుడ్డ బిగించి, రంగుదారాలతో బొమ్మలు కుట్టుకునేది. దిండుగలీబు మీద చిలకలు, చేతిరుమాలు మీద సన్నజాజి తీగ, సోములు లుంగీ అంచుకి కూడా ఓసారి బాతులు కుట్టింది. సోములు ఆ లుంగీ కట్టుకుని సంతకి వెళ్లి, నలుగురూ నవ్వితే నవ్వనీ అని తిరిగొచ్చాడు. అంత మంచివాడు.

ఆమె ఇవాళ కుట్టిన బొమ్మ రేపు పాలమీద వచ్చేది. పాలు కాచి, దించి, చల్లారనిస్తే మీగడ మీద చిలక చిలకలాగే తేలేది, ముక్కు వంపుతో సహా. గొలుగొండ రోడ్డు మొదట్లో ఉన్న వాళ్ల సాల నుంచి పాలు పోయించుకునే ఇళ్లన్నిట్లో ఇదే వరస. తోక నాకంటే నాకని పిల్లలు కొట్టుకునేవాళ్లు. అలాంటి పాలు తోడేసిన పెరుగులోంచి పక్కింటివాళ్లు తోడు అడిగి పట్టుకెళితే, చిలక తోకో, తీగ చివరో వాళ్ల గిన్నెలోనూ కనబడేది. నష్టపోయినవాడు సోములొక్కడే. ఓ ఎండాకాలం పాలల్లో చెంబెడు నీళ్లు కలిపితే, ఊళ్లో చిలకలన్నీ వర్షంలో తడిసి ముద్దయినట్టు వచ్చాయి. మళ్లీ ఆ పని చెయ్యలేదు.

కాకపోతే ఒక నియమం ఉంది. కుట్టిన చెయ్యీ, పిండిన చెయ్యీ ఒకటే అయితేనే బొమ్మ వచ్చేది. లోవలక్ష్మి అక్క కూతురి పెళ్లికి వెళ్లిన రోజున పక్కింటి సోమలమ్మ వచ్చి పిండితే సాదా మీగడే కట్టింది. సోమలమ్మకి సూది పట్టడం రాదు మరి. ఆ పాలైనా లోవలక్ష్మి చీర ఒంటికి చుట్టుకుని పిండబట్టి వచ్చాయి గానీ, ఆ చీర వాసన తగలకపోతే ఆ గేదెలు చచ్చినా చేపవు, చుక్క పాలు దించవు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, వానలు మొదలయ్యే రోజుల్లో, ఆడపిల్లల హైస్కూల్లో కుట్టుపని చెప్పే శారదాంబ టీచరు గొడుగేసుకుని సాల దాకా వచ్చింది. ఆవిడ కూడా వీళ్ల పాలే పోయించుకుంటుంది.

"లోవలక్ష్మీ, నిన్నటి సన్నజాజి తీగ చూసి మా హెడ్‌మిస్ట్రెస్ గారు మనసొప్పక మీగడ మీద చెంచా పెట్టలేకపోయారు. బుధవారం, శుక్రవారం మధ్యాహ్నాలు బడికి వచ్చి పిల్లలకి నేర్పకూడదూ? నాకు కాజాలు కుట్టడం వచ్చుగానీ ఇంత పనితనం రాదు."

లోవలక్ష్మి సంతోషంతో తల ఊపింది. పెళ్లయినాక ఎవరైనా ఆమెని ఫలానాచోటికి రమ్మని పిలవడం అదే మొదలు, అదీ బడికి. చిక్కేమిటంటే బడి వదిలేవేళకే సాయంత్రప్పాలు పిండాలి. ఇంకా పెద్ద చిక్కు, వెనకాల గుంజకి ఆనుకుని అత్త అప్పాయమ్మ అంతా వింటోంది.

టీచరు అటు వెళ్లగానే అప్పాయమ్మ అందుకుంది.

"బడీ నేదు, గిడీ నేదు. కోటవురట్ల నుంచి ఇంకో రెండు గేదెలొత్తన్నాయి. సేతికి సూది కావాలో పొదుగు కావాలో తేల్సుకో."

"మజ్జానం ఒక్క గంటే కదత్తా నాను కుట్టుకునీది."

"ఆ గంట గడ్డి కొయ్యి. గేదెల కొంపలో సిలకలేటి?"

అని బిస్కట్ల డబ్బా పట్టుకెళ్లి తన పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుంది. డబ్బాలో సగం కుట్టిన దిండుగలీబుంది. చిలక ముక్కు పూర్తవగానే ఆపింది కాబట్టి సూదికి ఇంకా బారెడు ఎర్రదారం వేలాడుతోంది. లోవలక్ష్మికి ఏడుపొచ్చింది. గేదె కింద కూచుని ఏడ్చింది, అక్కడైతే ఎవరూ చూడరని. గేదె ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ తన గడ్డి తను తింది.

మర్నాటినుంచి ఊళ్లో సాదా మీగడ. మొదట్లో ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ప్లీడరు గుమస్తా యాజులుగారు సోముల్ని గుమ్మంలో ఆపి, "మీ ఇంట్లో అందరూ కులాసానేనా?" అని అడిగారు. ఇంకో ఇంట్లో పిల్లాడు బొమ్మలేని పాలు మందులా ఉన్నాయని గ్లాసు తోసేశాడు. సోములు ఇవన్నీ మోసుకొచ్చి తల్లికి చెప్పాడు.

"పాలు తాగడానికా, సూడ్డానికా?" అంది అప్పాయమ్మ. అని, మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంది. ఆ మధ్య ఆమె మధ్యాహ్నాలు చాలా ఎక్కువగా పడుకుంటోంది.

బుధవారాలూ శుక్రవారాలూ అలా వచ్చి పోతూనే ఉన్నాయి. కొత్త గేదెలొచ్చాయి. పని పెరిగింది. ఈ లోగా లోవలక్ష్మి కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. నిమ్మకాయకి కన్నం పెట్టి వేలికి తొడిగింది. చెయ్యి ముడవడానికి లేదు. సోములు కూచుంటే గేదెలు తంతాయి. పక్కింటి సోమలమ్మేమో మొక్కు తీర్చుకోడానికి ఉపమాక వెళ్లింది.

"అత్తా, ఈ పూట నువ్వే పిండాల."

ఆ మాటకి అప్పాయమ్మ మొహం మారిపోయింది. "నానా? నా సేత్తోనా?" అంది. "రేపటికి నీ ఏలు తగ్గిపోదేటి?"

"రేపటిదాకా పొదుగులు ఆగుతాయేటి అత్తా?"

పశువు నొప్పి తెలిసిన మనిషి కాబట్టి ఇంక ఎదురు చెప్పలేదు. కోడలి పాత చీర, పచ్చటిది, చుట్టుకుని కూచుంది. గొంతు విప్పితే గేదెలు గుర్తుపడతాయని అన్నిటి పాలూ పిండేదాకా నోరు మెదపలేదు. అమ్మ అంతసేపు మాట్లాడకుండా ఉండటం పుట్టి బుద్ధెరిగి చూడని సోములు కంగారుపడి, మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు.

క్యాన్లు ఊళ్లోకి వెళ్లిపోయాయి. అప్పటినుంచి అప్పాయమ్మ ఒకచోట కుదురుగా లేదు. ఆ చీర కూడా విప్పలేదు. ఇంట్లోకి ఉంచుకున్న పాలు కాచి దించి, గరిటె పుచ్చుకుని తిప్పుతూ కూచుంది. కాసేపు లేచేది, రెండడుగులు వేసేది, మళ్లీ వచ్చి తిప్పేది.

"అలా తిప్పితే మీగడెలా కడతాదత్తా?"

"కట్టకపోతే కొంప మునగదు."

మధ్యాహ్నం అయ్యేసరికి శారదాంబ టీచరు గొడుగుతో రానే వచ్చింది. ఇంకా వాకిట్లో ఉండగానే మొదలుపెట్టింది.

"లోవలక్ష్మీ, మళ్లీ కుడుతున్నావన్నమాట. చాలా సంతోషం. ఇవాళ కోడిపెట్ట వచ్చింది. కాళ్లు కాస్త లావయ్యాయి గానీ ఆ నడకలో ఠీవి ఉంది. అయితే కన్ను పెట్టడం మర్చిపోయావేం?"

"కోడేటండీ?" అంది లోవలక్ష్మి. "నాను సూది ముట్టి సాన్నాళ్లైనాదండి. ఈ పూట పాలూ నాను పిండనేదు. ఇదిగోండి గోరుసుట్టు." నిమ్మకాయ తొడిగిన వేలు ఎత్తి చూపించింది.

గిన్నెలో గరిటె ఆగింది. ఊళ్లో పాలన్నీ ఎవరి చేతివో అందరికీ ఒక్కసారే తట్టింది. పచ్చచీరలో, గరిటె పట్టుకుని, అప్పాయమ్మ గోడవైపు చూస్తూ కూచుంది. దొంగ దొరికిపోయింది. దొరకడం కూడా ఊరంతా ఒకేసారి, ప్రతి ఇంట్లోనూ.

"ఏటలా సూత్తారు?" అంది చివరికి. "సూదికి దారం ఉండిపోనాది. ఊరికే ఎందుకని ఓ కోడి ఏసినాను."

"బాగుందండీ. మరి కన్నో?" అంది టీచరు.

"దారం అయిపోనాది."

"నల్లదారం ఉండ డబ్బాలో ఉన్నాది కదత్తా," అంది లోవలక్ష్మి.

"ఉంటే? సూది బెజ్జం నాకు అవుపడితే కదా. ఎక్కించమని ఎవుర్ని పిలవను? నిన్నా?"

ఆ మాట అనేశాక ఆమె గొంతు తగ్గింది. గరిటె కింద పెట్టింది.

"నాను కాపరానికొచ్చినప్పుడు ఓ గుడ్డ తెచ్చుకున్నాను. మా అమ్మ నేర్పింది. దాని మీద ఇదే కోడి. మా అత్త సూది లాక్కుని దబ్బనం ఇచ్చింది, గోనెలు కుట్టమని. అప్పట్నించి గోనెలే కుట్టినాను. నా సేతిపాల మీద ఎప్పుడూ ఏటీ రానేదు. కుట్టనిత్తే కదా రావడానికి."

ఇన్నాళ్లూ అత్త మీద పెంచుకున్న కోపం ఎక్కడికి పోయిందో లోవలక్ష్మికి తెలియలేదు. పోయిందని మాత్రం తెలిసింది. చెయ్యి చాపింది. అప్పాయమ్మ మొలలోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. పెట్టె తీస్తే, దిండుగలీబు మీద చిలక పక్కనే ఎర్రటి కోడిపెట్ట, ఒకే దారంతో, ఎక్కడా ముడి లేకుండా ఉంది. ఉన్న దారమంతా పొదుపుగా రెక్కకింత, తోకకింత వాడినా, కన్ను దగ్గరికి వచ్చేసరికి అయిపోయింది.

లోవలక్ష్మి వేలి నిమ్మకాయ ఊడదీసి పక్కన పెట్టింది. నొప్పికి పళ్లు బిగబట్టుకుని, నల్లదారం సూదిలోకి ఎక్కించి అత్త చేతికి ఇచ్చింది.

"దారాన్ని సూది సుట్టూ సుట్టి, ఉన్నసోటే దింపీయత్తా. కన్నైపోద్ది."

అప్పాయమ్మ చుట్టింది, దింపింది. ఒక చుట్టు ఎక్కువైనట్టుంది, కన్ను కాస్త పెద్దదయింది.

టీచరు బడి సంగతి ఎత్తబోయింది. "గేదెలు అరుత్తన్నాయి," అని అప్పాయమ్మ లేచి సాలలోకి వెళ్లిపోయింది. గేదెలు అరవడం ఇద్దరికీ వినబడలేదు.

మర్నాడూ పాలు ఆమే పిండింది. కోడికి కన్ను వచ్చింది. సాయంత్రం సోములు వచ్చి కబురు చెప్పాడు.

"యాజులుగారు ఏటన్నారో తెల్సునా అమ్మా? ఇయ్యాల కోడి మనల్ని సూత్తన్నట్టుందిరా అన్నారు. ఇంటిల్లిపాదికీ పిలిసి సూపించినారు."

అప్పాయమ్మ విననట్టే దూడని కట్టింది. కట్టి, "ఏటన్నారూ?" అని అడిగింది. సోములు మళ్లీ చెప్పాడు. ఆమె రాత్రి అన్నం తినేటప్పుడు మరోసారి చెప్పించుకుంది.

వేలు తగ్గింది. బుధవారం వచ్చింది. మధ్యాహ్నం లోవలక్ష్మి చేటలో తెలగపిండి చితక్కొడుతుంటే అప్పాయమ్మ వచ్చి చేట లాక్కుంది.

"ఇంకా ఇక్కడున్నావేటి? బేగి ఎల్లు. బడి గంట కొట్టేత్తారు."

లోవలక్ష్మి చేతులు దులుపుకుని లేచింది. "మరి పాలత్తా?"

"ఆ పచ్చసీర దండెం మీద ఇడిసెల్లు," అంది అప్పాయమ్మ తలెత్తకుండా. "ఆఁ, రేపటికి పుంజు కుట్టాల. సూదులు సిద్ధం సేసి మరీ ఎల్లు."

లోవలక్ష్మి ఉన్న సూదులన్నిటికీ ఎరుపూ నలుపూ పసుపూ దారాలెక్కించి గుడ్డకి వరసగా గుచ్చింది. పచ్చచీర దండెం మీద వేసి బడికి వెళ్లింది.