పోతపోసిన నంబరు

ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ల ఉత్తరం ప్రకారం నా కారు ఏడాదిలో మూడుసార్లు గుద్దింది. ఒకసారి కరెంటు స్తంభాన్ని, ఒకసారి పాలవ్యానును, ఇంకోసారి ఆగి ఉన్న అంబులెన్సును. ఆ ఏడాదంతా నా కారు చేసిన ప్రయాణమల్లా ఆదివారం పొద్దున్నే ఊరి చివరిదాకా వెళ్లి రావడం. దాని ఒంటి మీద గీత పడితే నాకు నిద్ర పట్టదు. అలాంటిది అంబులెన్సును గుద్దిందట! ఎలా గుద్దిందో చదువుకున్నవాళ్లకే తెలియాలి. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి.

ఆ మూడు గుద్దుళ్లకుగాను ప్రీమియం మూడింతలు చేశారు. పాత పాలసీ ఆ సాయంత్రం ఐదింటితో ఆఖరు. పాలసీ లేకుండా కారు రోడ్డెక్కకూడదు. మూడింతలు కట్టే తాహతు నాకు లేదు. ఇదే అదునని నా బావమరిది ఒక పళ్లడాక్టరును బేరానికి కుదిర్చాడు. ఆయన సాయంత్రం నా రిపేరు షెడ్డు దగ్గరికి వస్తాడు.

"అంత స్పీడు కారు నీకెందుకు బావా? పొద్దున షెడ్డుకి, సాయంత్రం ఇంటికి. దానికి సైకిల్ చాలదూ?" అన్నాడు ఫోనులో. పక్కన ఎవరో నవ్వారు కూడా.

పదకొండేళ్లు పట్టింది దాన్ని నిలబెట్టడానికి. తుక్కు కొట్టులో సగం కాలి పడి ఉన్నదాన్ని తెచ్చి, ఊళ్లోవాళ్ల కార్లకు ఆయిల్ మార్చిన చేతులతోనే ఒక్కో బోల్టూ బిగించాను. ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. స్టార్టు చేస్తే చెవులతో పనిలేదు, పక్కటెముకల్లో వినిపిస్తుంది. దాన్ని ఆ పళ్లడాక్టరుకి ఇవ్వాలి!

మా ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఈ పదకొండేళ్లూ ఆ కారును సవతి అనే పిలిచింది. ఆ రోజు మూడున్నరకి కుట్టుమిషను ఆపి, కంపెనీ ఉత్తరాన్నీ రిజిస్ట్రేషన్ పుస్తకాన్నీ బట్టలు కత్తిరించే బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"ఏమయ్యా, ఈ రెండిట్లో ఇంజిను నంబరు ఒకటి కాదే!"

చూశాను. కాదు. ఒక్క అంకె కూడా కలవలేదు. వెంటనే కారు తీశాను. చొక్కా గుండీలు దారిలో పెట్టుకున్నాను. ఆవిడ సంచీ భుజాన వేసుకుని పక్కన కూర్చుంది.

ఇన్సూరెన్సు ఆఫీసులో కౌంటరు వెనక ఒక ఆఫీసరమ్మ ఉంది. ఆవిడ నోరు తెరవకముందే నేను మొదలుపెట్టాను. నంబరు చూసి రాయడం రానివాళ్లకు కుర్చీలెందుకన్నాను. ఏసీ గదుల్లో కూర్చుని మా పొట్ట కొడుతున్నారన్నాను.

"అయ్యా, మీరెంత అరిచినా కంప్యూటర్ భయపడదు," అంది ఆవిడ తాపీగా. "పుస్తకంలో ఒక నంబరు, మా దగ్గర ఒక నంబరు. మధ్యలో మీరు ఇంజినే మార్చారేమో? అసలు ఇంజిను మీద ఏముందో చూపించండి."

"అది కింద, సైలెన్సర్ గొట్టం వెనకాల ఉంటుంది మేడమ్. కంటికి ఆనదు."

"ఆనకపోతే నేనేం చెయ్యను?"

గోడ గడియారంలో నాలుగూ ఇరవై. మా ఆవిడ సంచీలో చెయ్యి పెట్టి, జాకెట్టు కొలతలు గీసుకునే పల్చటి కాగితమూ, పెన్సిలూ తీసింది.

"కంటికి ఆనకపోతే కాగితానికి ఆనదా?" అంది.

పార్కింగులో కారు కిందికి దూరాను. గొట్టం ఇంకా కాలుతోంది. దాని వెనక చెయ్యి పోనిచ్చి, కాగితం అదిమి, పెన్సిలుతో రుద్దాను. మొదటి కాగితం ఆయిల్ తాగి చిరిగింది. రెండోసారి మోచేయి గొట్టానికి తగిలి చురుక్కుమంది, అయినా వదల్లేదు. నల్లటి గీతల మధ్య తెల్లగా ఒక్కో అంకె లేస్తోంది!

"ఏడు!" అని అరిచాను.

"ఉంది," అంది పైనుంచి మా ఆవిడ, పుస్తకం చూస్తూ.

"మళ్లీ ఏడే!"

"ఉంది, ఉంది! తర్వాత?"

మా వెంట దిగొచ్చిన ఆఫీసరమ్మ టార్చి పట్టుకుని గొంతుక్కూర్చుంది. చివరి అంకెకి ముగ్గురం ఒకేసారి అరిచాం. పుస్తకంలో ఉన్న నంబరే!

"మరి మా దగ్గరున్నది ఎక్కడ్నించి వచ్చింది?" అందావిడ.

కిందనుంచి బయటపడి బానెట్ ఎత్తాను. ఇంజిను పక్కన, ఉబ్బెత్తుగా, బొటనవేలంత అంకెలు.

"ఇదా! ఇది పోత నంబరు మేడమ్. ఇనుము పోతపోసినప్పుడే వస్తుంది. ఈ మోడల్ ఇంజిన్లు ఎన్నుంటే అన్నిటికీ ఇదొక్కటే. ఏ బుద్ధిలేనివాడు రాశాడండీ దీన్ని?"

పైకెళ్లి ఫైలు తెరిచారు. కిందటేడు నింపిన ఫారం. మా ఆవిడే ముందు గుర్తుపట్టింది.

"ఈ తలకిందుల కుర్చీల్లాంటి నాలుగులు ఎవరివో నాకు తెలుసు," అంది.

నావే. విడిభాగాలు కావాలంటే కొట్టువాడు అడిగేది పోత నంబరే. ఇరవై ఏళ్లుగా మాకు ఇంజిను నంబరంటే అదే. చేతికి అదే వచ్చింది. తలెత్తకుండా నిలబడ్డాను.

ఆఫీసరమ్మ ఆ నంబరు కొట్టి చూసింది. అదే నంబరుతో ఇంకో మూడు కార్లు. స్తంభం ఒకడిది, పాలవ్యాను ఒకడిది, అంబులెన్సు ఒకడిది.

"వీళ్ల ఫారాల్లో వృత్తి దగ్గర ఏం రాశారో చెప్పుకోండి చూద్దాం," అంది.

"మెకానిక్కు," అన్నాను.

"ముగ్గురూనూ!" అని పకపకా నవ్వింది. చదువుకున్నవాళ్లు నా ముందు నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజెందుకో మండలేదు.

ఐదుకి పది నిమిషాలుండగా గుద్దుళ్లన్నీ కొట్టేశారు. స్పీడు కారుకి రేటు స్పీడుగానే ఉంటుందంది కానీ, నేను కట్టగలిగినంతకే వచ్చింది. కట్టేశాను.

కిందికొచ్చాక మా ఆవిడ చెయ్యి చాపింది.

"తాళం ఇటివ్వు."

"నీకా? పాలసీలో నువ్వు..."

"నువ్వు అక్కడ సంతకాలు పెడుతుంటే రెండో డ్రైవరుగా నా పేరు రాయించాను. చదువుకో."

చదివాను. నిజమే. పెళ్లి కాకముందునుంచీ బండి నడుపుతోంది, ఒక్క గుద్దుడూ లేదు. దానివల్లే రేటు మరికాస్త తగ్గిందట. నాకు చెప్పలేదు.

పెద్ద రోడ్డెక్కాక ఆవిడ కాలు నొక్కింది. టర్బోలు అందుకున్నాయి. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఆవిడ కేక పెట్టింది, నేనూ పెట్టాను. ఇన్నాళ్లూ దాన్ని అలా పరుగెత్తించడానికి నాకు ధైర్యం చాలలేదు.

షెడ్డు ముందు బావమరిదీ పళ్లడాక్టరూ నిలబడి ఉన్నారు. మా ఆవిడ వేగం తగ్గించింది కానీ ఆపలేదు.

"అక్కా! ఆపు! డాక్టరుగారు ఇందాకట్నుంచీ కాచుకుని ఉన్నారు!" అంటూ వాడు వెంటపడ్డాడు.

ఆవిడ అద్దం దించి తల బయటపెట్టింది.

"మా పళ్లు బాగానే ఉన్నాయని చెప్పరా!"