ఐసు గది తలుపు

పక్కన పనిచేసే పాపాయి పోయి నాలుగు రోజులైనా వీరదుర్గ చెవుల్లో ఆ చప్పుడు ఆగలేదు.

ఉప్పాడ దగ్గర రొయ్యలు ఒలిచే కంపెనీ అది. ఆడవాళ్లు మాటిమాటికీ పెరట్లోకి పోతున్నారని సూపర్‌వైజర్ బుల్లిరాజు ఐసు గది వెనక తలుపుకి బయటినుంచి తాళం వేయించాడు. ఆ గదిలో అమ్మోనియా లీకైన రోజు పాపాయి లోపలే ఉంది. గ్యాసు ముందు వైపు కమ్మేస్తే వెనక్కి పరిగెత్తి తలుపు కొట్టింది. తాళం తీసేసరికి ఊపిరి లేదు. శవాన్ని కంపెనీ వ్యానులో ఇంటికి చేర్చి, సాయంత్రంలోగా మట్టి చేయించారు. తోటివాళ్లలో ఒక్కరికీ సెలవివ్వలేదు. తాళం మళ్లీ వేశారు.

ఆ ఊళ్లో ఎవరు పోయినా ఆడవాళ్లు మెడలు కావలించుకుని, పోయిన మనిషి బతుకంతా చెప్పుకుంటూ శోకాలు పెడతారు. పాపాయికి ఆ ఏడుపు దక్కలేదు. బల్ల దగ్గర మాట్లాడకూడదు. నలభై మంది ఆడవాళ్లు మాస్కుల వెనక ఎవరి దుఃఖం వాళ్లు దిగమింగుకుంటున్నారు. వీరదుర్గకి ముద్ద దిగడం లేదు. ఆ చప్పుడు తను విన్నదనీ, విని కూడా కదల్లేదనీ ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ ఉదయం రొయ్యల ట్రే నిండగానే తలెత్తకుండా ఎడమ వైపుకి తోసింది. ఆరేళ్లుగా అక్కడ పాపాయి చేతులుండేవి. ట్రే బల్ల అంచు దాటి నేలమీద పడింది.

“కళ్లు నెత్తికెక్కాయేంటి? ఎత్తు,” అన్నాడు బుల్లిరాజు.

వంగిన వీరదుర్గ లేవలేదు. “పిన్నీ,” అంది ఎదుటి బల్ల మహాలక్ష్మమ్మతో. “అది తలుపు కొడుతుంటే నాకు వినబడింది. ఐసు పగలగొడుతున్నారనుకున్నాను.”

పెద్దావిడ మాస్కు దించింది. “నాకూ వినబడిందే. నేనూ అలాగే అనుకున్నాను.”

“నాకూ,” అంది పావని. ఆ మాట బల్ల చివరిదాకా పాకింది.

మహాలక్ష్మమ్మ వచ్చి వీరదుర్గ మెడ చుట్టూ చేతులు వేసింది. “చేపల గంప ఎత్తుకుని పిఠాపురం దాకా నడిచినదానివే పాపాయీ, ఒక్క గడప దాటలేకపోయావా తల్లీ.”

“కూర వండితే నాకు పులుసు పోసి ముక్కలన్నీ నువ్వే తినేదానివి కదే,” అని పావని ఏడుస్తుంటే, ఏడుపు మధ్యే అందరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతో ఏడుపు ఇంకా పెరిగింది.

“ఇళ్లకెళ్లి ఏడవండి. గుంపు కడితే కేసవుద్ది,” అన్నాడు బుల్లిరాజు.

“మేం చావుకి ఏడుస్తున్నామండి. దీనికీ పర్మిషన్ కావాలా? తాళంచెవి మీ జేబులోనే ఉంది కదా, దాన్ని పట్టుకుని మీరూ వచ్చి ఏడవండి,” అంది మహాలక్ష్మమ్మ.

ఆ పూట ఎవరూ రొయ్య ముట్టలేదు. క్యారియర్లన్నీ ఒకచోట విప్పారు. పావని కలిపి పెట్టిన ముద్ద వీరదుర్గ గొంతు దిగింది.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. “మీకు పెద్దెవరమ్మా?” అన్నాడు ఎస్సై.

“పోయినావిడేనండి,” అంది వీరదుర్గ.

వాళ్లు మహాలక్ష్మమ్మని జీపెక్కించారు. ఆవిడ వెనక్కి తిరిగి, “ఆ తలుపు చూడండే,” అని మాత్రం అంది.

జీపు గేటు దాటింది. వీరదుర్గ ఐసు కొట్టే సుత్తి అందుకుంది. ముప్పై తొమ్మిది మంది పెరట్లోకి నడిచారు. అడ్డం వచ్చిన బుల్లిరాజు పక్కకి తప్పుకున్నాడు. తాళం మీద మొదటి దెబ్బ పడింది. చేతులు మారుతూ రెండోది, మూడోది.

గోడ అవతల మరో రొయ్యల కంపెనీ ఉంది. అక్కడి ఐసు గది తలుపుకీ తాళమే. అక్కడి ఆడవాళ్లు ఈసారి ఆ చప్పుడు ఐసుది అనుకోలేదు. చేతుల్లో ట్రేలు కింద పెట్టి లేచారు.