అమ్మ చెప్పిన దేశం

ఈ కథ చదివేవారిలో చాలామంది లిఫ్టున్న భవనాల్లోనే ఉంటారు కాబట్టి ఒక లిఫ్టు దగ్గరే మొదలుపెడతాను.

గ్రేటర్ నోయిడాలో ఇరవై రెండు అంతస్తుల భవనం అది. కింద మూడు లిఫ్టులు. రెండింట్లో నిలువుటద్దాలు, ఫ్యానులు ఉంటాయి. పెంపుడు కుక్కలకు కూడా ప్రవేశం ఉంటుంది. మూడోది సర్వీస్ లిఫ్టు. చెత్త డబ్బాలు, గ్యాసు బండలు, పనిమనుషులు అందులోనే ఎక్కాలి. ఆ సంగతి హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాసిన బోర్డు గోడకు వేలాడుతూ ఉంటుంది. రోజూ వందల మంది దాని ముందు నిలబడతారు. చదివేవాళ్ళు మాత్రం లేరు. అలవాటైన తప్పులో ఉండే సుఖం అదే, అది తప్పని గుర్తుండదు.

జూలైలో ఒక శుక్రవారం ఆ సర్వీస్ లిఫ్టు చెడిపోయింది. బడి బస్సు దిగి వచ్చిన తేజశ్రీకి మెట్ల మీద మోకాలు పట్టుకుని కూర్చున్న రేవతి కనిపించింది. రేవతిది బీహారు. యాభై దాటిన మనిషి. తేజశ్రీ వాళ్ళింట్లోనూ, అదే భవనంలో మరో మూడిళ్ళలోనూ పనిచేస్తుంది. తేజశ్రీ వాళ్ళది పద్నాలుగో అంతస్తు. పదమూడేళ్ళ ఆ పిల్ల "ఆవో ఆంటీ" అంటూ చెయ్యి పట్టుకుని ఆమెను అద్దాల లిఫ్టులోకి తీసుకెళ్ళింది. రేవతి వద్దు వద్దంది. పిల్ల వింటేగా!

శనివారం పొద్దున గేటు దగ్గర రేవతి కార్డు లాక్కున్నారు. కార్డు లేనిదే ఎవరినీ లోపలికి రానివ్వరు. అంటే నాలుగిళ్ళ పనీ ఒక్క పూటలో పోయినట్టే.

తేజశ్రీ తెలుగు పిల్లే. తల్లి వీణ, తండ్రి మల్లికార్జున తెనాలివాళ్ళు. రెండేళ్ళ వయసులో పిల్లను నెదర్లాండ్స్ తీసుకెళ్ళి, తండ్రి ఉద్యోగం మారడంతో నాలుగు నెలల కిందటే ఇక్కడికి వచ్చారు. అక్కడి బళ్ళో ఆమెను ఇండియా పిల్ల అనేవారు. ఇక్కడి బళ్ళో ఫారిన్ పిల్ల అంటున్నారు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట సగంలో ఇంగ్లీషులోకి జారిపోతుంది. హిందీ అంతంత మాత్రం.

ఆ పొద్దున వీణ సింకు నిండా ఉన్న అంట్లు చూసి విసుక్కుంటుంటే మల్లికార్జున ఫోను చూస్తూ అన్నాడు.

"రేవతి ఇక రాదు. సొంతంగా మన లిఫ్టు ఎక్కేసిందంట. భవనం వాట్సాప్ గ్రూపులో పెట్టారు."

"సొంతంగా కాదు డాడీ. నేనే లాగాను," అంది తేజశ్రీ.

అతను ఫోను కింద పెట్టాడు. "ఆ మాట బయట అనబాకు. కొత్తగా వచ్చినవాళ్ళం, మనకెందుకు వచ్చిన గొడవ? ఇంకో మనిషిని చూసుకుందాం."

"ఇది నెదర్లాండ్స్ కాదమ్మా. అక్కడి పద్ధతులు ఇక్కడ కుదరవు," అంది వీణ.

"అక్కడి పద్ధతి కాదు. నువ్వు చెప్పిందే."

"నేనేం చెప్పానే?"

"బస్సులో ఓల్డ్ లేడీస్ ఎవరైనా ఎక్కితే నన్ను లేపేదానివి కదా. మన దేశంలో పెద్దవాళ్ళు నిలబడితే పిల్లలు కూర్చోరు అనేదానివి. నా ఫ్రెండ్స్ ఎవరూ లేచేవాళ్ళు కాదు అమ్మా. నేనొక్కదాన్నే లేచేదాన్ని. బికాజ్ ఐ యామ్ ఫ్రమ్ ఇండియా, అనుకునేదాన్ని."

పరాయి దేశంలో పిల్లల్ని పెంచే తల్లులందరూ చేసే పనే వీణ చేసింది. మన దేశం గురించి మంచివన్నీ ఏరి, కథలుగా చెప్పి పెంచింది. గోడ మీది బోర్డుల సంగతి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా, ఎందుకంటే తన చిన్నతనంలో ఆమె వాటిని చూసీ చూడనట్టే పెరిగింది. పాపం, ఆ పిల్ల విమానం దిగి తల్లి చెప్పిన దేశానికే వచ్చాననుకుంది.

సాయంత్రం తేజశ్రీ గేటు దగ్గరికి వెళ్ళింది. రేవతి ఇంకా అక్కడే కాపలావాళ్ళను బతిమాలుకుంటోంది. సారీ చెప్పబోయిన పిల్ల మీద ఆమె విరుచుకుపడింది.

"తుమ్హారా క్యా గయా, బేటా? కార్డ్ తో మేరా గయా!"

నీదేం పోయింది, కార్డు పోయింది నాదేగా అని. అందులో అన్యాయం ఏముంది? పిల్ల చేసిన మంచికి మూల్యం చెల్లించింది రేవతి. తేజశ్రీ ఏడుస్తూ ఇల్లు చేరింది కానీ ఏడ్చి ఊరుకోలేదు. మొహం కడుక్కుని తల్లి ముందు కూర్చుంది.

"రేపు భవనం కమిటీ మీటింగు ఉందిగా. అక్కడ నేనే చెప్తాను. హిందీలో. నాకు నేర్పు."

"పిల్లలు మాట్లాడే చోటు కాదు తల్లీ అది," అన్నాడు మల్లికార్జున.

"నేర్పకపోతే వచ్చిన హిందీలోనే చెప్తాను డాడీ."

హైదరాబాదులో చదువుకున్నప్పుడు వచ్చిన హిందీతో వీణ నాలుగు వాక్యాలు చెప్పింది. పిల్ల వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పడుకునేదాకా వల్లించింది.

ఆదివారం పదకొండు గంటలకు క్లబ్ హాల్లో నలభై మంది చేరారు. తేజశ్రీ కాగితం పట్టుకుని నిలబడింది. ఆంటీని లిఫ్టు ఎక్కించింది తానని, ఆమె వద్దన్నా వినలేదని, శిక్ష ఏదైనా తనకే వేయాలని, కార్డు తిరిగి ఇచ్చేయాలని తడబడుతూ చదివింది. ఆ యాసకు వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందు వరసదాకా పాకింది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. అయినా చివరి వాక్యం దాకా చదివాకే ఆగింది. రాని భాషలో నిజం చెప్పే పిల్లను చూసి, వచ్చిన భాషలో మౌనంగా ఉన్నవాళ్ళు నవ్వడం కంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది?

కమిటీ అధ్యక్షుడు కూడా చిరునవ్వుతోనే అన్నాడు. "బయట పెరిగిన పిల్ల, తెలియక చేసింది. మన పద్ధతులు మెల్లగా నేర్చుకుంటుంది. రూల్ మాత్రం రూలే."

భర్త చెయ్యి పట్టుకుని ఆపబోతున్నా వీణ లేచింది.

"తెలియక చేసింది కాదండీ. మా అమ్మాయి చేసింది మన పద్ధతే. మన దేశంలో పెద్దవాళ్ళను నిలబెట్టరని, కష్టం చేసే మనిషిని చిన్నచూపు చూడరని పదకొండేళ్ళు నేనే చెప్పాను. అది నమ్మింది. ఇప్పుడు ఇంటికి వెళ్ళి నేను చెప్పిందంతా అబద్ధమని దానికి చెప్పమంటారా? మీరే చెప్పండి, అలాగే చెప్తాను."

ఎవరూ నవ్వలేదు. చేతికర్రతో ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన అధ్యక్షుడి వైపు తిరిగి "కార్డ్ దే దీజియే" అన్నాడు. అధ్యక్షుడు బల్ల సొరుగులోంచి కార్డు తీసి ఇచ్చాడు. బోర్డు విషయం వచ్చే సమావేశంలో చూద్దామన్నాడు.

బోర్డు ఇంకా గోడకే ఉంది. సర్వీస్ లిఫ్టు మాత్రం బాగైంది. సోమవారం నుంచి తల్లీకూతుళ్ళు రేవతితో పాటు సర్వీస్ లిఫ్టులోనే వెళ్తున్నారు. మొదట్లో రేవతి ఒక మూలకు ఒదిగి నిలబడేది, ఇప్పుడు మోకాలి నొప్పి గురించి మాట్లాడుతోంది. మొన్న మల్లికార్జున కూడా లాప్‌టాప్ సంచీతో గ్యాసు బండ పక్కన సర్దుకుని నిలబడ్డాడు. బోర్డు తీసేదాకా ఇంతే అని తేజశ్రీ తేల్చి చెప్పింది.

మనం పిల్లలకు చెప్పే దేశం ఒకటి, వాళ్ళు వచ్చి చూసే దేశం ఇంకొకటి అయినప్పుడు మారాల్సింది పిల్లలు కాదు; చెప్పిన మాటను నిజం చేయాల్సిన బాధ్యత చెప్పిన పెద్దలదే.