అడగకుండా ఉన్న కాసేపు

ఆ ఉదయం ఆకాశం తూర్పున ఎర్రగా లేచి, అంతలోనే బూడిదరంగుకు దిగిపోయింది. ఆ మసకలోనే జోగులు, అతని తమ్ముడు చిరంజీవి చేపల వేటకు వెళ్ళిన పడవ బోల్తాపడింది. ఫోన్లు నీళ్ళపాలు. ఇద్దరూ ఒక రాతిమీదికి ఎక్కారు. చిరంజీవి కాలు విరిగింది. సాయం కోసం జోగులు ఖాళీ డబ్బా పట్టుకుని ఈదాడు. ఎంతో దూరం కొట్టుకుపోయాక ఫెర్రీవాళ్ళు పైకి లాగి మా దీవి రేవు, ఫీనిక్స్ బే జెట్టీలో దించారు.

సముద్రానికి పోటు మొదలైంది. నిండు పోటుకు ఆ రాయి మునుగుతుంది. అది ఎక్కడుందో జోగులుకు గుర్తు రావడం లేదు. తలకు దెబ్బ.

జెట్టీ గదిలో జనం చుట్టూ మూగారు.

"రట్లాండ్ కాడేనా?"

"అవును."

"నార్త్ బే అవతలా, భయ్యా?"

"అవును... అక్కడే."

ఎవరు ఏ పేరు చెబితే దానికే తల ఊపుతున్నాడు. అప్పటికే రెండు పడవలు రెండు దిక్కులకు పోయాయి. మూడోది నాది. కిటికీ కింద ఇంజను ఆడుతోంది.

నర్సు కళ్యాణి జోగులు తల్లినీ నన్నూ ఉంచి, మిగతా జనాన్ని బయటికి పంపి తలుపు మూసింది. "బస్, ఇంక అడక్కండి. మీరు చెప్పే పేర్లే ఆయన బుర్రలో పడుతున్నాయి. కాసేపు ఊరికే కూచోనివ్వండి."

"నా కొడుకు నీళ్ళల్లో ఉంటే ఊరికే కూకోమంటావేటి?" తల్లి తాతమ్మ గదిమింది. "నీకేటి, జీతం వొచ్చీస్తాది!"

"పెద్దమ్మా, మనిషి ఊరికే ఉన్నా బుర్ర ఊరికే ఉండదు. చూసిందంతా లోపల సర్దుకుంటది. ఆ సర్దుడు బాగుంటే గుర్తూ బాగుంటదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు."

"అది సర్దేలోపు నీరు నెత్తికెక్కీస్తాది!"

"తప్పు దిక్కుకి పోయినా ఎక్కుద్ది కదా!"

తాతమ్మ నా వైపు చూసింది. నేను దిగి ఇంజను ఆపి వచ్చాను.

జోగులు కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాను చప్పుడు ఒక్కటే. కిటికీలోంచి చూస్తే జెట్టీ మెట్టు ఒకటి మునిగింది. తాతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకో మెట్టు మునిగింది. అడుగుదామని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

జోగులు చెయ్యి లేచింది. గాలిలో ఏదో గీసింది.

"లైట్‌హౌసు... రెండు కొండల సందులోంచి అగుపడింది. ఎనక తెల్ల ఇసక. ఎండు మాను పడుంది."

పేరు చెప్పలేదు. నాకు అక్కర్లేదు. ఆ సందులోంచి లైట్‌హౌసు కనబడే చోటు ఒక్కటే.

చేరేసరికి రాయి కనబడలేదు. నీళ్ళమీద చిరంజీవి తల ఉంది. ఒంటికాలిమీద, మెడలోతులో నిలబడ్డాడు.

"టీ తాగొచ్చీసినారేటి, గవరయ్య బావా?" అన్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

సాయంత్రం ఆసుపత్రి వార్డులో తాతమ్మ క్యారియర్ విప్పింది. అన్నం, చేపల పులుసు. కళ్యాణినీ కూర్చోబెట్టింది. రాతిమీద ఏం జరిగిందని చిరంజీవిని ఎవరూ అడగలేదు. జోగులు ముల్లు తీసి తమ్ముడి కంచంలో చేప ముక్క పెట్టాడు. అందరం తిన్నాం.